కువైట్‌లో ఇబ్బంది పడితే అందరూ చేతులెత్తేస్తే ఎట్ల? ఇన్ని ప్రభుత్వాల ఒప్పందాలు ఎవరికి పనికొస్తా ఉండాయి?

భాకరాపేట_భారతి
మా చిన్నమ్మ కూతురు పోయినేడు కువైట్‌కి ఇంటిపనికి పోయింది. నెలకి 120 దినార్లని చెప్పి తీసుకపోయినారు. మొదట్లో 70 ఇచ్చినారు, తర్వాత అదీ లేదు. పాస్‌పోర్టు ఆ ఇంటి మామా (యజమానురాలు) బీరువాలో పెట్టుకునింది. పొద్దన్నే లేస్తే అర్ధరాత్రి దాటేదాకా పనే. చెయ్యి చేసుకోవడం కూడా మొదలయ్యేసరికి ఓర్చుకోలేక బయటికొచ్చేసి, తెలిసినోళ్ళ రూములో తలదాచుకుని ఉండాది. పారిపోయిందని కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కేసు పెట్టినాడంట.
ఈడ ఏజెంటుని అడిగితే "నేను చెన్నై ఆఫీసుకి అప్పజెప్పినా, నాకేం తెలీదు" అంటాడు. చెన్నై వాళ్ళు కువైట్ మక్తబ్‌ని, అంటే ఆడ పనోళ్ళని కుదిర్చే ఆఫీసుని, అడగమంటారు. మక్తబ్ వాడు ఫోనే ఎత్తడు. స్టేషన్‌కి పోతే అది వేరే దేశం సంగతి, మా చేతిలో లేదన్నారు. మా చిన్నమ్మ కూడు కూడా ముట్టడం లేదు.
టీవీలో చూస్తే అన్ని దేశాల మంత్రులూ కలిసి కూర్చుని వలస కార్మికుల హక్కులంటారు, సంతకాలు పెడతారు. ఆ సంతకాలు మా చెల్లెలి దాకా ఎందుకు రావు? తెలిసినోళ్ళు చెప్పండి.

అకామా_18
ముందు ఆ రూములో నుంచి కదలమనండక్కా. తనిఖీలో దొరికితే ఆమెకీ, రూమిచ్చినోళ్ళకీ ఇద్దరికీ చిక్కే. నేరుగా మన ఎంబసీకి పోమనండి. ఇంటిపని ఆడోళ్ళకి ఆడ షెల్టర్ ఉండాది. టాక్సీలో ఒంటరిగా వద్దు, తెలిసిన కుటుంబంతో పోవల్ల. నేను ఫర్వానియాలోనే ఉండా, కావాలంటే మా ఇంటామెని తోడు పంపిస్తా. వివరాలు ఈడ పెట్టొద్దు, విడిగా పంపండి.

పుత్తూరు_పద్మ
ఆమె వయసెంత? పదో తరగతి పాసయిందా? ఏ దారిన పోయింది, చెన్నై నుంచి నేరుగానా?

భాకరాపేట_భారతి
@పద్మక్కా, 27. తొమ్మిదితో ఆపేసింది. చెన్నై నుంచి దుబాయ్‌కి విజిట్ వీసా, ఆడ కొన్నాళ్ళు ఒక గదిలో పెట్టి తర్వాత కువైట్ విమానం ఎక్కించినారు. ఏజెంటు లక్షన్నర తీసుకున్నాడు.
@అకామా అన్నా, నీకు మెసేజ్ పెట్టినా. దేవుడి మాదిరి వచ్చినావు.

పుత్తూరు_పద్మ
అనుకున్నా. పదో తరగతి లేకుంటే పాస్‌పోర్టు ఈసీఆర్ (క్లియరెన్స్ తప్పనిసరి) రకంలో ఉంటుంది. ఆ పాస్‌పోర్టుతో 18 దేశాలకి పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, కావాలి. అందులో ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, పంపేది కూడా ప్రభుత్వ సంస్థ ద్వారానే, మన రాష్ట్రంలో అయితే ఓంక్యాప్. 27 ఏళ్ళ ఆమెకి ఇవేవీ కుదరవు కాబట్టి దుబాయ్ చుట్టూ తిప్పినారు. దాంతో ఆమె పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో లేదు, కాంట్రాక్టు లేదు, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా లేదు. రెండేళ్ళకి ప్రీమియం 275 రూపాయలే ఆ బీమాకి. ఆ కాగితమే ఉండుంటే ఈరోజు పట్టుకోవడానికి ఒక కొస ఉండేది.

కపిలతీర్థం_శీను
ఇందుకే నేను ఎప్పుడూ చెప్పేది. ఇంటిపనికి ఆడవాళ్ళని గల్ఫ్‌కి పంపడమే ఆపేయాలి. పూర్తిగా నిషేధం. నాలుగు గోడల మధ్య ఏం జరుగుతుందో ఏ ప్రభుత్వమూ చూడలేదు.

పుత్తూరు_పద్మ
@శీను, 30 ఏళ్ళ లోపు వాళ్ళకి నిషేధం ఉన్నట్టే కదా ఇప్పుడు? ఆగిందా? ఆ నిషేధమే ఆమెని దుబాయ్ దారి పట్టించింది. నేపాల్ కూడా 2017లో ఆపింది, అక్కడి ఆడవాళ్ళు మన ఢిల్లీ మీదుగా పోతూనే ఉన్నారు. తలుపు మూస్తే కిటికీలోంచి పోతారు, కిటికీ దగ్గర నిలబడినవాడు డబ్బులు తీసుకుంటాడు.

మామిడితోపు
అసలు ఎందుకు పోతా ఉండారో అది మాట్లాడండబ్బా. 2025లో తోతాపురి మామిడి ఏమైంది? కిలోకి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 కలిపి 12 అన్నారు. గేటు ముందర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడి కాయ కుళ్ళిపోయింది. కొందరు రోడ్డు మీద పారబోసినారు. ఆ ఇంట్లో ఆడమనిషి కువైట్ పోకుండా ఏం చేస్తుంది?

రేణిగుంట_రమణ
అన్నా, నువ్వు చంద్రగ్రహణం గురించి మాట్లాడినా మామిడికాయ కాడికే తీసుకొస్తావు 😄 కానీ ఈసారి చెప్పింది నిజమే.

చిత్తూరు_వకీలమ్మ
భారతీ, ముందు పని. తర్వాత వాదన.
విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో మీ చిన్నమ్మ పేరుతో ఫిర్యాదు నమోదు చెయ్యండి, నంబరు వస్తుంది, అది దాచుకోండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 1800 11 3090కి ఫోన్ చెయ్యండి. ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకి (ప్రవాసాంధ్రుల కోసం ఉన్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ) కూడా చెప్పండి, వాళ్ళు ఎంబసీతో మాట్లాడతారు.
ఇక్కడి ఏజెంటు సంగతి వేరు. "వేరే దేశం వ్యవహారం" అని స్టేషన్లో చెప్పింది తప్పు. డబ్బు చేతులు మారింది ఇక్కడ, మోసం మొదలైంది ఇక్కడ. రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ పనికి మనుషుల్ని కుదర్చడం 1983 ఎమిగ్రేషన్ చట్టం సెక్షన్ 10కి విరుద్ధం, శిక్ష సెక్షన్ 24లో ఉంది. దాంతోపాటు భారతీయ న్యాయ సంహిత 318, మోసం. పరిస్థితిని బట్టి 143, మనుషుల అక్రమ రవాణా. ఇక నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగిందన్నదానితో పని లేకుండా ఫిర్యాదు తీసుకోవాలని బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 173 చెప్తుంది. రిజిస్టరయిన ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మీ దగ్గర తీసుకున్నది లక్షన్నర.

మదనపల్లె_మస్తాన్
సెక్షన్ 24లో జరిమానా ఎంతో కూడా చెప్పండి మేడం. 2 వేలు. రెండేళ్ళ లోపు జైలు, 2 వేల జరిమానా. లక్షన్నర తీసుకునేవాడికి 2 వేలంటే భయమా? 2021లో కొత్త బిల్లు ముసాయిదా అన్నారు, 2025లో ఇంకోటి అన్నారు. ఇప్పటిదాకా నడుస్తా ఉండేది 1983దే.

రాయచోటి_రహీమ్
అందరూ చెడ్డే చెప్తా ఉండారు. మా అమ్మ కువైట్‌లో ఒకే ఇంట్లో ఉన్నింది, నేను పుట్టకముందు నుంచి మా చెల్లెలి పెళ్ళి దాకా. ఆ ఇంటి బాబా (యజమాని) మా నాయన ఆపరేషన్‌కి దుడ్లు పంపినాడు. ఇప్పటికీ రంజాన్‌కి ఫోన్ చేస్తాడు. మేము ముగ్గురం చదువుకున్నది ఆ దినార్లతోనే. నిషేధం అంటే మా అమ్మ మాదిరి వాళ్ళ కడుపు కొట్టినట్టే.

కపిలతీర్థం_శీను
మీ అమ్మగారు అదృష్టవంతులు రహీమ్ భాయ్, సంతోషం. కానీ మంచి యజమాని దొరకడం అదృష్టం మీద ఆధారపడితే అది హక్కు ఎట్లవుతుంది?

రాయచోటి_రహీమ్
ఆ మాట ఒప్పుకుంటా.

రిటైర్డ్_లేబర్
కార్మిక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. భారతమ్మ అడిగిన అసలు ప్రశ్న పక్కకి పోయింది, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నా.
మీరు టీవీలో చూసేవి రెండు వేదికలు. ఒకటి కొలంబో ప్రాసెస్, 2003లో మొదలైంది. అందులో మనుషుల్ని పంపే దేశాలు 12 ఉన్నాయి: మనం, పాకిస్తాన్, బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంక, అఫ్గానిస్తాన్, చైనా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, థాయిలాండ్, వియత్నాం, కంబోడియా. 2024లో అధ్యక్ష స్థానం మొదటిసారి మనకి వచ్చింది. రెండోది అబుదాబి డైలాగ్, 2008 నుంచి. అందులో పంపేవాళ్ళూ, తీసుకునే గల్ఫ్ దేశాలూ, మలేషియా అందరూ కూర్చుంటారు. రెండింటిలోనూ లోపం ఒకటే. అక్కడ అనుకున్నదానికి ఎవరూ కట్టుబడాల్సిన పని లేదు. మాట ఇస్తారు, ఫొటో దిగుతారు, పాటించకపోతే అడిగేవాడు లేడు.
అట్లని ఆ వేదికలు దండగ అనను. అవి ఎందుకు గట్టిపడాలో ఒక ఉదాహరణ చెప్తా. 2011లో సౌదీలో ఒక ఇండోనేషియా పనిమనిషికి మరణశిక్ష అమలు చేశారు. ఇండోనేషియా వెంటనే తన ఆడవాళ్ళని పంపడం ఆపేసింది. ఫిలిప్పీన్స్ అప్పటికే నెలకి 400 డాలర్లకి తగ్గితే పంపేది లేదని పట్టుబట్టి కూర్చుంది. ఈ రెండు దేశాలూ గట్టిగా నిలబడితే ఏం కావాలి? జీతాలు పెరగాలి. కానీ 2015 ఫిబ్రవరిలో సౌదీ బంగ్లాదేశ్‌తో 800 రియాళ్ళకి ఒప్పందం చేసుకుంది. అంటే 213 డాలర్లు. ఒకరు ఎత్తిన రేటుని పక్కవాళ్ళు సగానికి దించేశారు. బంగ్లాదేశ్‌ని తిట్టలేం, వాళ్ళ ఆకలి వాళ్ళది. మనమూ చేశాం ఆ పని. గల్ఫ్‌కి పోయే మనవాళ్ళకి విదేశాంగ శాఖ నిర్ణయించిన కనీస వేతనాలని 2020 సెప్టెంబరులో 30 నుంచి 50 శాతం దాకా కోసేశారు. కరోనాలో మనవాళ్ళ పనులు ఇంకొకరికి పోకూడదని. గొడవలయ్యాక 2021లో వెనక్కి తీసుకున్నారు.
నేను చెప్పేది ఇంతే. పంపే దేశాలు కలిసి ఒక కనీస జీతం, ఒకే రకం కాంట్రాక్టు పెట్టుకుని, ఎవరూ దానికి కిందికి దిగేది లేదని ఒట్టేసుకుంటే తప్ప ఏ ఒక్క దేశం చట్టమూ ఆ పిల్లని కాపాడలేదు. మనం కఠినంగా ఉంటే మక్తబ్ వాడు నేపాల్‌కి ఫోన్ చేస్తాడు. నేపాల్ కఠినంగా ఉంటే మన భాకరాపేటకి చేస్తాడు.

రేణిగుంట_రమణ
సార్, ఇండియా పాకిస్తాన్ ఒకే కాంట్రాక్టు మీద సంతకం పెడతాయా? దక్షిణాసియా దేశాల సార్క్ శిఖరాగ్ర సమావేశమే 2014 కాఠ్మాండూ తర్వాత జరగలేదు.

రిటైర్డ్_లేబర్
@రమణ, ఆ 2014 కాఠ్మాండూ ప్రకటనలోనే వలస కార్మికుల భద్రత కోసం కలిసి పనిచేస్తామని రాసుకున్నారు నాయనా. ఆ మాట అట్లే నిలబడిపోయింది. ఆసియాన్ దేశాలు 2007లో ఒక ప్రకటన, 2017లో ఇంకొకటి తెచ్చుకున్నాయి, వాటిలోనూ బలవంతం ఏమీ లేదు. కష్టమే. రాజకీయం కుదరకపోయినా రెండు మూడు దేశాలతో మొదలుపెట్టొచ్చు. మనం, నేపాల్, శ్రీలంక కలిసినా కువైట్ మక్తబ్‌లకి అదురు పుడుతుంది.

కపిలతీర్థం_శీను
సార్, మీరే ఫిలిప్పీన్స్ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. 2018లో కువైట్‌లో వాళ్ళ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికాక ఫిలిప్పీన్స్ నిషేధం పెట్టింది. ఆ మే నెలలోనే కువైట్ దిగొచ్చి ఒప్పందం చేసుకుంది. పాస్‌పోర్టు యజమాని పెట్టుకోకూడదు, ఫోన్ మనిషి దగ్గరే ఉండాలి అని. అంటే నిషేధం పనిచేసినట్టే కదా?

అకామా_18
శీనన్నా, తర్వాత కథ కూడా చెప్పు. 2023 మొదట్లో ఇంకొక ఫిలిప్పీన్స్ పిల్లని చంపేసినారు. వాళ్ళు మళ్ళీ ఆపినారు. ఈసారి కువైట్ తిరగబడి మే నెలలో ఫిలిప్పీన్స్ వాళ్ళకి కొత్త వీసాలే ఆపేసింది. 2024 జూన్‌లో గానీ మళ్ళీ తెరవలేదు. ఏడాది పైగా! ఆ టయంలో మక్తబ్‌లు ఊరికే కూర్చోలేదు, వేరే దేశాలోళ్ళని తెచ్చుకున్నాయి. నేను ఆడనే ఉండా, చూసినా. ఒంటరిగా కొట్లాడితే ఇట్లే అవుతుంది, సార్ చెప్పింది కరెక్టు.
కువైట్‌లో చట్టం లేదనుకోవద్దండి. 2015లో ఇంటిపనోళ్ళ కోసం 68 నంబరు చట్టం తెచ్చినారు. వారానికి ఒక రోజు సెలవు, రోజుకి 12 గంటలకి మించి పని లేదు, ఏడాదికి నెల సెలవు, పాస్‌పోర్టు పెట్టుకోకూడదు. కనీస జీతం 60 దినార్లు. రాతలో అంతా బాగుంది. ఇల్లు తనిఖీ చేసేదెవరు?

చిత్తూరు_వకీలమ్మ
2021 జూన్‌లో ఇంటిపనివాళ్ళ మీద మన దేశానికీ కువైట్‌కీ మధ్య కూడా అవగాహన ఒప్పందం జరిగింది. దాని గొడుగు కిందికి రావాలంటే ఆ మనిషి సక్రమ దారిలో పోయుండాలి. దుబాయ్ చుట్టూ తిప్పినవాళ్ళు ఆ లెక్కలోకే రారు. ఒప్పందాలు భారతి చెల్లెలి దాకా రాకపోవడానికి ఇదీ ఒక కారణం.
ఫిలిప్పీన్స్ దగ్గర నేర్చుకోవాల్సింది నిషేధం కన్నా ఇంకొకటుంది. 1995లో వాళ్ళు చేసుకున్న చట్టంలో, జీతం ఎగ్గొడితే విదేశీ యజమానితో పాటు మనీలాలోని ఏజెన్సీ కూడా బాధ్యుడు. డబ్బు ఇక్కడే రాబట్టుకోవచ్చు. మన దగ్గర ఏజెంటు "నేను అప్పజెప్పినా" అని చేతులు దులుపుకుంటాడు. ఆ ఒక్క నిబంధన మనకుంటే చాలా మంది ఏజెంట్లు మక్తబ్ ఎలాంటిదో ముందే విచారించుకుంటారు.

మదనపల్లె_మస్తాన్
👏 ఇది ముసాయిదాలో పెట్టమని మన ఎంపీలకి రాద్దాం.

సత్యవేడు_సురేష్
మలయాళీలని చూసైనా నేర్చుకోవాలి. కేరళలో ప్రవాసుల కోసం నోర్కా శాఖ 1996లోనే పెట్టుకున్నారు. మావాళ్ళు పోయినప్పుడు పక్క బెడ్ మలయాళీకి ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలుసు, మనోడికి ఏజెంటు నంబరు తప్ప ఇంకోటి తెలీదు.

తడ_తిరుమలేశు
కోపం రాకుండా వినండి. మనం కువైట్ వాడిని అడుగుతా ఉండాం, బాగుంది. మా తడ, శ్రీసిటీ పక్కన ఊళ్ళలో ఒడిశా, బీహార్, బెంగాల్ పిలకాయలు ఒక్కో రూములో ఎంతమంది ఉండారో వచ్చి చూడండి. బాడుగ మాత్రం తలకింత. జీతం కాంట్రాక్టర్ చేతికి పోతుంది, ఆడ ఎంత కోస్తాడో వాళ్ళకే తెలీదు. 2020 లాక్‌డౌన్‌లో చెన్నై నుంచి కోల్‌కతా రోడ్డు మీద మా ఊరి ముందర నడిచిపోయినారు, చంకలో బిడ్డలతో. మేము మజ్జిగ, పులిహోర పెట్టినాం. అంతకు మించి ఎవరూ ఏమీ చెయ్యలేదు.

కపిలతీర్థం_శీను
@తిరుమలేశు, ఇది కువైట్ చర్చ కదా, ఒడిశా ఎందుకు మధ్యలో?

తడ_తిరుమలేశు
ఎందుకంటే జబ్బు ఒకటే శీనూ. ఆ ఒడియా పిల్లోడి జీతం కాంట్రాక్టర్ మింగితే ఇక్కడి ఆఫీసు ఒడిశాలో అడగమంటుంది, ఒడిశా ఆఫీసు ఆంధ్రాలో అడగమంటుంది. భారతక్కకి చెన్నై, కువైట్ చెప్పినట్టే. ఒకే దేశంలో రెండు రాష్ట్రాలు మాట్లాడుకోలేకపోతే దేశాలు ఎట్ల మాట్లాడుకుంటాయి?

రిటైర్డ్_లేబర్
తిరుమలేశు చెప్పింది అక్షరాలా నిజం. 2012లో ఒడిశా, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖలు ఇటుక బట్టీల కూలీల గురించి ఒప్పందం చేసుకున్నాయి. అటు ఎవరు బయల్దేరారు, ఇటు ఎవరు దిగారు అని రెండు వైపులా లెక్క ఉండాలి, పిల్లలకి బట్టీ దగ్గరే చదువు ఉండాలి అన్నది ఆలోచన. నడిచినచోట మంచి జరిగింది. కానీ ఆ పని చూసే అధికారి బదిలీ అయితే ఒప్పందం కూడా బదిలీ అయినట్టే ఉండేది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979 ప్రకారం 5 మంది ఉంటే చాలు వర్తించేది. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో దాన్ని 10 చేశారు. చిన్న మేస్త్రీల కింద పనిచేసేవాళ్ళు బయటికి పోయినట్టే. ఇది నాకు చాలా బాధ కలిగించిన మార్పు.

పుత్తూరు_పద్మ
పోయేవాళ్ళ లెక్క రెండు వైపులా ఉండాలన్నది గల్ఫ్‌కీ సరిపోతుంది సార్. పదో తరగతి పాసయినవాళ్ళకి ఈసీఆర్ ఉండదు, క్లియరెన్స్ అక్కర్లేదు, వాళ్ళ లెక్క ఈ-మైగ్రేట్‌లో రాదు. మా వీధిలోనే డిగ్రీ చదివిన ఇద్దరు పిల్లోళ్ళు డెలివరీ బైకు పనికి పోయారు. వాళ్ళు ఎక్కడున్నారో వాళ్ళ అమ్మకి తప్ప ప్రభుత్వానికి తెలీదు.

అకామా_18
ఇంకొకటి. గల్ఫ్ అంతా ఒకటే అనుకోవద్దండి. ఖతార్‌లో దేశం దాటడానికి యజమాని అనుమతి తీసేసినారు, 2020 నుంచి ఇంటిపనోళ్ళకి కూడా. కంపెనీ మారడానికి ఎన్‌వోసీ (పాత యజమాని నిరభ్యంతర పత్రం) కూడా అదే ఏడు తీసేసినారు. ఈడ కువైట్‌లో 2025 జులై 1 నుంచి మా 18 నంబరు వీసా (ప్రైవేటు కంపెనీ పనోళ్ళది) వాళ్ళకి కొత్తగా అనుమతి పెట్టినారు, ప్రభుత్వ సహెల్ యాప్‌లో యజమాని సరే అంటేనే విమానం. పక్కపక్క దేశాలు, ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి. అబుదాబిలో అంతమంది కూర్చునేది దేనికి మరి? ఇదన్నా ఒకే మాదిరి చెయ్యొచ్చు కదా.

రాయచోటి_రహీమ్
2024 జూన్‌లో కువైట్ మంగాఫ్‌లో కార్మికుల బిల్డింగ్ కాలిపోయినప్పుడు 45 మంది మనవాళ్ళు పోయినారు, ముగ్గురు ఆంధ్రా వాళ్ళు. అప్పుడు విమానం వేసుకుని మంత్రి పోయినాడు, రెండు రోజుల్లో శవాలు వచ్చినాయి. అంటే ప్రభుత్వాలు అనుకుంటే జరుగుతుంది. బతికున్నప్పుడు కూడా అంత వేగం ఉంటే బాగుండు.

భాకరాపేట_భారతి
అందరికీ దండాలు. అకామా అన్న భార్య తోడుపోయి మా చెల్లెల్ని ఎంబసీలో దింపింది. ఫోన్లో మాట్లాడినాం, అన్నం తిన్నానని చెప్పింది. పాస్‌పోర్టు ఇమ్మని ఎంబసీ వాళ్ళు కఫీల్‌ని పిలిపిస్తామన్నారంట. ఇవ్వకపోతే వేరే ప్రయాణ పత్రం చేస్తారంట, కేసు తేలేదాకా కొంచెం టయం పడుతుందన్నారు. మదద్‌లో నంబరు వచ్చింది.
ఏజెంటు ఇప్పుడు ఇంటికొచ్చి, కేసు పెడితే మీ పిల్లే దొంగదారిన పోయిందని జైల్లో వేస్తారని బెదిరిస్తా ఉండాడు. మా చిన్నాన్న భయపడి వద్దులే అంటా ఉండాడు. ఏం చెయ్యల్ల వకీలమ్మా?

చిత్తూరు_వకీలమ్మ
ఆ బెదిరింపు కూడా ఫిర్యాదులో రాయండి. దొంగదారి చూపించి డబ్బు తీసుకున్నవాడు అతను. మోసపోయిన పిల్ల ఫిర్యాదుదారు, ముద్దాయి కాదు. మీ చిన్నాన్నతో నేను మాట్లాడతా.
సోమవారం తిరుపతి ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. పొద్దున్నే రండి. డబ్బు పంపిన ఫోన్‌పే వివరాలు, విజిట్ వీసా కాపీ, టికెట్లు, పాస్‌పోర్టు జిరాక్స్, మదద్ నంబరు తీసుకురండి. ఏజెంటు పంపిన వాట్సాప్ ఆడియోలు ఒక్కటి కూడా తుడిచెయ్యొద్దు, ఇంకొక ఫోన్లోకి కూడా పంపి పెట్టుకోండి.

కపిలతీర్థం_శీను
నేను తిరుపతిలోనే ఉంటా, బస్టాండ్ నుంచి తీసుకెళ్తా. నిషేధం మీద నా అభిప్రాయం మారలేదు, కానీ ఈ పనికి నేనున్నా.

పీలేరు_కొత్త
ఇన్ని రోజులు చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. భారతక్కా, ఆ ఏజెంటు తెల్ల బొలెరోలో తిరుగుతాడా, రొంపిచర్ల వైపు? మా వదినని కూడా దుబాయ్ మీదనే పంపినాడు. రంజాన్ ముందు నుంచి ఆమె ఫోన్ స్విచ్ ఆఫ్.

భాకరాపేట_భారతి
అవును అన్నా. వాడే.

చిత్తూరు_వకీలమ్మ
@పీలేరు_కొత్త, ఈరోజే మదద్‌లో నమోదు చెయ్యండి, సోమవారం దాకా ఆగొద్దు. ఆమె చివరిసారి ఏ నంబరు నుంచి, ఏ తేదీన మాట్లాడిందో రాసి పెట్టుకోండి. అకామా, కువైట్‌లో ఆ నంబరు ఎవరిదో విచారించగలరా? ఫిర్యాదులు రెండూ వేర్వేరు కాగితాల మీద రాద్దాం, ఒకే రోజు, ఒకే అధికారి చేతికి ఇద్దాం.

అకామా_18
పంపించండి. ఈ శుక్రవారం సెలవు, నేనే పోయి చూస్తా.